చేపల చెరువు తీసేసి మళ్ళీ వరి వేద్దామంటే: కొల్లేరు పక్క మట్టిలో సీసం, కాడ్మియం సంగతేంటి?

కొల్లేటి_గట్టు

అందరికీ నమస్కారం. మాది కైకలూరు దగ్గర పల్లె. పొలం ఐదో కాంటూరుకి (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) కాస్త పైన, అభయారణ్యం హద్దుకి బయట ఉన్న జిరాయితీ భూమి. తాతగారి రోజుల్లో వరి పండేది, నాన్న వచ్చాక చుట్టూ అందరూ తవ్వేస్తుంటే మేమూ చేపల చెరువుకి లీజుకిచ్చేశాం. లీజు చేసినాయన ఈ వేసవికి ఖాళీ చేస్తున్నాడు, గట్లు కొట్టించి మళ్ళీ సార్వా వరి వేద్దామని నాన్న అంటున్నారు.

ఊళ్ళో ఒకాయనేమో ఆ అడుగు మట్టిలో సీసం, కాడ్మియం పేరుకుని ఉంటాయి, వరి గింజలోకి ఎక్కుతాయి అంటాడు. ఇంకొకాయన అది బంగారం లాంటి మట్టి, ట్రాక్టర్లతో తోలుకెళ్ళి కూరగాయల మడికి పోసుకుంటాను, ఇచ్చేయండి అంటాడు. చెరువుకి నీళ్ళు ఇన్నేళ్ళూ డ్రెయిన్ నుంచే తోడారు. భూసార కార్డు ఉంది, అందులో అన్నీ బాగానే ఉన్నాయని రాశారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను, ఫోన్లో నాన్నకి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంట్లో తినే బియ్యం కూడా ఆ పొలంలోంచే రావాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

మట్టిమనిషి

నేను నేలల పరీక్షల రంగంలోనే పనిచేస్తున్నాను. ముందు కార్డు సంగతి చెప్పేస్తాను, చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. భూసార కార్డులో చూసేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, ఇంకా పీహెచ్ (ఆమ్లమా క్షారమా అనే కొలత), ఈసీ (ఉప్పదనం కొలత), సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, పాదరసం అందులో లేవు. జింక్, రాగి కూడా పైరుకి చాలుతున్నాయా లేదా అని చూస్తారు, ఎక్కువై ప్రమాదమా అని కాదు. కాబట్టి కార్డు బాగుందంటే పైరుకి పోషకాలు ఉన్నాయని మాత్రమే. మీరడిగిన ప్రశ్నకి అందులో జవాబు దొరకదు.

చెరువులో ఏమేం వేశారో మీ లీజుదారుని అడిగి చెప్పగలరా? కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్, మైలుతుత్తం, మినరల్ మిక్స్, ఏదైనా సరే. చేపా రొయ్యా? రొయ్య అయితే ఉప్పునీటి బోరు వేశారా? ఇవి తెలిస్తే వివరంగా రాస్తాను.

ఆకివీడు_ఆక్వా

ఎప్పుడూ చెరువుల మీదకే వస్తారేంటండీ. మేం చెరువులో పోసేది తవుడు, చెక్క, సున్నం, ఎరువు. సీసం మేం ఎక్కడి నుంచి తెస్తాం? బుడమేరులో బెజవాడ మురుగు వస్తుంది, ఏలూరు పట్టణం నీళ్ళు వస్తాయి, పై నుంచి ఫ్యాక్టరీల నీళ్ళు వస్తాయి, అదంతా కొల్లేట్లోకే చేరుతుంది. ఆ నీళ్ళే మేం తోడుకోవాలి, వేరే దారి లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో ఇళ్ళు మునిగినప్పుడు ఆ నీళ్ళు, ఆ బురద, ఆ చెత్త ఎటు వెళ్ళాయో ఒకసారి ఆలోచించండి. నష్టపోయేది మేమే. మా చేపల్లో లోహాలున్నాయని ఎవరో ఒక వీడియో పెడితే హౌరా మార్కెట్‌లో రేటు పడిపోతుంది, ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

ఏలూరు_రాజ్యం

ఆకివీడు తమ్ముడి బాధలో న్యాయం ఉంది. నేను భూగోళశాస్త్రం చెప్పి రిటైర్ అయ్యాను. కొల్లేరు గురించి తరగతిలో చెప్పిందే ఇక్కడా రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, చదవండి.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా బోలెడు డ్రెయిన్లు అందులోకి వస్తాయి, బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి వెళ్ళింది. అప్పటికే ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే. 2006లో ప్రభుత్వం గట్లు పేల్చింది, ఆ తర్వాత కొన్నిచోట్ల మళ్ళీ గట్లు లేచాయి. ఈ కథ అందరికీ తెలుసు, రాజకీయం జోలికి నేను వెళ్ళను.

ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది. పాత కొల్లేట్లో డ్రెయిన్ నీళ్ళు లోపలికి రాగానే కిక్కిస గడ్డి, తుంగ మధ్య పరుచుకుని నెమ్మదించేవి. నీళ్ళు నెమ్మదిస్తే ఒండ్రు దిగుతుంది. లోహాలు ఎక్కువగా నీటిలో విడిగా రావు, సన్నటి బంకమట్టి రేణువులకీ కుళ్ళిన ఆకూ అలములకీ అంటుకుని వస్తాయి. అంటే వచ్చే సీసమైనా, జింకైనా అంత పెద్ద వైశాల్యంలో పలచగా పరుచుకుని వేళ్ళ మధ్య కూరుకుపోయేది. చెరువు గట్లు వేశాక ఆ పరుచుకునే చోటు పోయింది. నీరు గట్ల మధ్య ఇరుకు కాలవల్లో పరుగెత్తి కొంత ఉప్పుటేరు గుండా పోతోంది, కొంత కాలవల అడుగునా, పంపు పెట్టి తోడుకున్న చెరువుల్లోనూ దిగుతోంది. తమ్ముడూ, మీరు సీసం తెచ్చారని ఎవరూ అనలేదు. ఎక్కడో వచ్చిన లోహం ఎక్కడ ఆగాలో గట్లు నిర్ణయిస్తున్నాయి. నేల వాడకం మారడమంటే నా లెక్కలో మొదట ఇదే.

కొల్లేటి_గట్టు

మట్టిమనిషి గారూ, అడిగాను. చేపే, శీలావతి, బొచ్చె. మధ్యలో కొన్నాళ్ళు వనామీ రొయ్య కూడా వేశాడట, అప్పుడు బోరు నీళ్ళు కలిపాడట, ఆ సంగతి మాకు చెప్పనే లేదు. కోళ్ల ఎరువు ప్రతి పంటకీ. సూపర్ వేశాడు. నాచు పట్టినప్పుడు మైలుతుత్తం. చెరువు ఎండగట్టినప్పుడు పైమట్టి తీసి గట్టు మీద వేసేవాడు.

మట్టిమనిషి

చాలా ఉపయోగపడే వివరాలు. ఇక రాస్తాను.

చెరువులో వేసినవాటిలో లోహాలు లేవనడం సరికాదు, అలాగని అన్నీ విషమే అనడమూ సరికాదు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, ఆ రాగి ఎక్కడికీ పోదు, అడుగు మట్టిలో సేంద్రియ పదార్థాన్ని పట్టుకుని ఉండిపోతుంది. కోళ్ల మేతలో జింక్, రాగి కలుపుతారు, వాటిలో చాలా భాగం పెంటలోకి వస్తుంది. సూపర్ ఫాస్ఫేట్ తయారయ్యేది రాక్ ఫాస్ఫేట్ నుంచి, అందులో కాడ్మియం సహజంగానే ఎంతో కొంత ఉంటుంది, గని బట్టి మారుతుంది. సీసం మాత్రం ఆకివీడు ఆక్వా గారన్నట్టు బయటిదే: పట్టణాల మురుగు, పాత రంగులు, బ్యాటరీలు, రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే దుమ్ము. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది కానీ అంతకుముందు రోడ్ల పక్కన పడిన సీసం మట్టిలో అలాగే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మట్టిలో మొత్తం ఎంత లోహం ఉంది అనేది ఒక ప్రశ్న, అందులో ఎంత కదులుతుంది అనేది ఇంకో ప్రశ్న. నీళ్ళ కింద గాలి ఆడని నల్ల బురదలో గంధకం సల్ఫైడ్ రూపంలో ఉంటుంది. కాడ్మియం, సీసం, జింక్, రాగి ఆ సల్ఫైడ్‌ని పట్టుకుని గట్టిగా కూర్చుంటాయి. కుళ్ళు గుడ్ల వాసన వచ్చే బురద చూసి అసహ్యించుకుంటాం కానీ లోహాల్ని కదలకుండా పట్టుకున్నది చాలావరకు ఆ బురదే. మీరు గట్లు కొట్టి, నీళ్ళు తీసి, దున్ని ఎండకి పెడితే గాలి లోపలికి వెళ్తుంది, సల్ఫైడ్ సల్ఫేట్‌గా మారుతుంది, ఆమ్లం పుడుతుంది, పట్టు సడలిన లోహం వేళ్ళకి అందే రూపంలోకి వస్తుంది. బయటి నుంచి ఒక్క గ్రాము కొత్త లోహం రాకుండానే పొలం ముందుకన్నా ప్రమాదంగా మారే వీలుంది. గట్టు మీదకి తీసి ఎండబెట్టిన మట్టి అందుకే నాకు అడుగున ఉన్న మట్టి కన్నా ఎక్కువ అనుమానం. కూరగాయల మడికి అడుగుతున్నాయనకి అప్పుడే ఇవ్వకండి. ఆకుకూరలు కాడ్మియాన్ని బాగా పీలుస్తాయి.

రొయ్య వేసిన సంగతి కూడా ముఖ్యమే. ఉప్పునీటిలోని క్లోరైడ్ కాడ్మియంతో కలిసి దాన్ని మట్టి నుంచి వదులు చేస్తుంది. కాబట్టి ఈసీ తప్పకుండా చూడాలి.

మీకు అనుకూలమైనది ఒకటి ఉంది, డెల్టా నల్లమట్టి. బంక ఎక్కువ, సున్నం పాలు ఉంటుంది, పీహెచ్ సాధారణంగా 7 పైనే. ఆమ్లం పుట్టినా చాలావరకు సున్నమే ఖర్చుపెట్టేస్తుంది. కేరళ కుట్టనాడులో కరి నేలలు ఇందుకు పూర్తిగా వేరు, అక్కడ నీరు తీసి ఆరబెడితే పీహెచ్ 4 కన్నా కిందకి కూడా దిగుతుంది. మీది అలా కాకపోవచ్చు, కానీ కొల్లేరు ఒకప్పుడు సముద్రపు కయ్య, లోతు పొరల్లో సల్ఫైడ్ ఉండే వీలుంది, పొక్లెయిన్‌తో లోతుగా తవ్వి ఆ పొరని పైకి తేకండి.

నక్కవాగు_నుంచి

అన్నా, నాది పటాన్‌చెరు దిక్కు. మీ కాడ చెరువులు చేపలకి పోయాయి, మా కాడ ఫ్యాక్టరీలకి పోయాయి. 1970ల నుంచి ఇండస్ట్రియల్ ఎస్టేట్ వచ్చింది, మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు, ఆ నీళ్ళు నక్కవాగులోకి, కుంటల్లోకి, అక్కడి నుంచి మంజీరలోకి. ఆయకట్టు కింద వరి పెట్టిన రైతులు అదే నీళ్ళు పారించుకున్నారు, పైరు మాడిపోయింది, పశువులు చచ్చిపోయాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. నీళ్ళలో, మట్టిలో ఆర్సెనిక్ ఎక్కువ ఉందని పరీక్షల్లో తేలింది. తర్వాత శుద్ధి చేసిన వ్యర్థజలం వాగులోకి పోకుండా హైదరాబాద్ అంబర్‌పేట దాకా 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేశారు. నీళ్ళు కొంత మారాయి, అడుగు మట్టి మారలే.

నా భయం ఇప్పటిది. కుంట ఎండిపోతే, రియల్ ఎస్టేట్ వచ్చి లేఅవుట్ వేస్తుంది. పునాదుల కోసం ఆ నల్లమట్టి తవ్వి లారీల్లో ఎక్కడికో తోలుతున్నారు, ఇంకో ఊర్లో పల్లం పూడ్చడానికి, ఇంటి ముందు మొక్కలకి. ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నోళ్ళకి తెల్వదు. చెరువు పోవుడు ఒక నష్టం, చెరువు అడుగున ఉన్నది ఊరంతా పరుచుకునుడు ఇంకో నష్టం.

పూడికమట్టి

నక్కవాగు అన్న చెప్పింది విన్నాక అడుగుతున్నా. మాది కామారెడ్డి జిల్లా. 2015 తర్వాత మిషన్ కాకతీయలో చెరువు పూడిక తీసి రైతులు పొలాలకి తోలుకున్నారు, మేమూ తోలుకున్నాం, పంట బాగా వచ్చింది. అది కూడా తప్పేనా ఇప్పుడు?

మట్టిమనిషి

పూడికమట్టి గారూ, కాదు. పై నుంచి పొలాల నీరు, అడవి నీరు మాత్రమే వచ్చే ఊరి చెరువు పూడిక మంచి ఎరువే, తరతరాలుగా చేస్తున్న పని, సేంద్రియ పదార్థం, బంకమట్టి పొలానికి తిరిగి వెళ్తాయి. తేడా వచ్చేది చెరువు ఎగువన ఏముంది అన్నదాని దగ్గర. ఫ్యాక్టరీ, పట్టణం మురుగు, హైవే, బ్యాటరీలు కరిగించే షెడ్లు, తోళ్ళ శుద్ధి, ప్లేటింగ్ ఉన్నాయా? ఉంటే తోలే ముందు పరీక్ష చేయించాలి. లేకపోతే నిశ్చింతగా తోలుకోండి.

ఆకివీడు_ఆక్వా

మట్టిమనిషి గారు పద్ధతిగా చెబుతున్నారు, ఒప్పుకుంటాను. ఒక మాట సూటిగా చెప్పండి, మా చేప తినొచ్చా? మా పిల్లలూ అదే తింటున్నారు.

మట్టిమనిషి

సూటిగానే చెబుతాను. కండలో సీసం, కాడ్మియం తక్కువగా చేరతాయి, లివర్, కిడ్నీ, మొప్పల్లో ఎక్కువ చేరతాయి. మనం తినేది కండ. సీసానికి చేప కండలో పరిమితి కిలోకి 0.3 మిల్లీగ్రాములు. పాదరసం ఒక్కటే కండలో కూడా నిలుస్తుంది, అదీ చిన్న చేపల్ని తిని పెరిగే పెద్ద చేపల్లో ఎక్కువ, శీలావతి, బొచ్చె అలాంటివి కావు. అడుగున బురద వెతుక్కుని తినే ఎర్రమోసు, బంగారుతీగ లాంటివాటికి మట్టితో సంబంధం ఎక్కువ. ఏ చెరువు చేపనైనా పరీక్ష లేకుండా మంచిదనీ చెడ్డదనీ నేను చెప్పను, వీడియోలు పెట్టేవాళ్ళు కూడా చెప్పకూడదు. మార్కెట్‌కి పంపే ముందు మీ సంఘం తరఫున సంవత్సరానికోసారి కండ పరీక్ష చేయించి కాగితం దగ్గర పెట్టుకుంటే ఆ వీడియోలకి అదే జవాబు.

తొయామా_తెలుగు

జపాన్ నుంచి. వరి, కాడ్మియం అన్న మాట చూసి ఆగలేకపోయాను, నేనుండేది తొయామాలో. ఇక్కడి జింజూ నది ఎగువన కమియోకా గని ఉండేది. గని నుంచి కాడ్మియం నదిలోకి, నది నుంచి వరి మడుల్లోకి, బియ్యంలోంచి మనుషుల్లోకి వెళ్ళింది. కిడ్నీలు దెబ్బతిని ఎముకలు మెత్తబడి విరిగేవి, ఎక్కువగా బిడ్డల్ని కన్న నడివయసు ఆడవాళ్ళకి. నొప్పితో "ఇతాయ్, ఇతాయ్" అని ఏడ్చేవారట, జబ్బుకి ఆ పేరే పడింది. 1968లో ప్రభుత్వం కాడ్మియమే కారణమని ఒప్పుకుంది, 1970లో పొలాల మట్టి కాలుష్యం మీద చట్టం వచ్చింది. ఆ తర్వాత చెడిన మట్టిని కింద పూడ్చి పైన కొత్త మట్టి పరిచే పని మొదలుపెట్టి 2012 దాకా చేశారు. అంత డబ్బున్న దేశానికే అన్నేళ్ళు పట్టింది.

కొల్లేరు పరిస్థితి జింజూలా ఉందని నేననడం లేదు, అక్కడ పైన గని ఉంది, ఇక్కడ లేదు. ఇక్కడి రైతులు పాటించేది ఒకటి మాత్రం చెబుతాను, పనికొస్తుందేమో. కాడ్మియం అనుమానం ఉన్న మడిలో వెన్ను తీసే సమయానికి ముందూ తర్వాతా కొన్ని వారాలు నీరు తీయరు. నీళ్ళుంటే కాడ్మియం సల్ఫైడ్‌గా ఉండిపోతుంది, గింజలోకి తక్కువ వెళ్తుంది.

ఏలూరు_రాజ్యం

అయితే మన దగ్గర ఆరుతడి పద్ధతి ప్రచారం చేస్తున్నారు కదా, నీళ్ళు ఆదా, మీథేన్ తక్కువ అని. కాడ్మియం ఉన్న పొలంలో అది తిరగబడుతుందా?

మట్టిమనిషి

తిరగబడే వీలుంది మేడమ్, మంచి ప్రశ్న. తొయామా గారు చెప్పింది సరైనదే, దానికి రెండో వైపు కూడా ఉంది. ఆర్సెనిక్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మట్టిలో ఆర్సెనిక్ ఇనుము ఆక్సైడ్ల మీద అంటుకుని ఉంటుంది, నీళ్ళు నిలిస్తే ఆ ఆక్సైడ్లు కరిగి ఆర్సెనిక్ నీటిలోకి వదులవుతుంది, వరి దాన్ని సిలికా పీల్చుకునే దారిలోనే పీల్చుకుంటుంది. అంటే నీళ్ళు నిలబెడితే కాడ్మియం తగ్గి ఆర్సెనిక్ పెరుగుతుంది, ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గి కాడ్మియం పెరుగుతుంది. అందుకే ఏ లోహం ఉందో తెలియకుండా నీటి యాజమాన్యం గురించి సలహా ఇవ్వలేం. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పరిమితులు చూస్తే పాలిష్ బియ్యంలో కాడ్మియం కిలోకి 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ 0.2. మూడు పూటలా అన్నం తినే మనలాంటి వాళ్ళకి ఈ అంకెలు రొట్టె తినేవాళ్ళ కన్నా ఎక్కువ ముఖ్యం.

సందేహం_ఒకటి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. కొల్లేరు మట్టిలో క్రోమియం, రాగి, నికెల్ ఎక్కువ అని ఎక్కడో చదివాను. పెద్దగా ఫ్యాక్టరీలు లేని చోట కూడా ఎక్కువే చూపిస్తోంది. అంటే కాలుష్యం అంత దూరం వెళ్ళిందా?

మట్టిమనిషి

ఇక్కడ చాలా నివేదికలు తప్పుదారి పడతాయి. కృష్ణా, గోదావరి మోసుకొచ్చిన ఒండ్రులో దక్కన్ నల్లరాయి పొడి ఎక్కువ. బసాల్ట్‌లో రాగి, క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువ ఉంటాయి. ప్రపంచ సగటు షేల్ రాయి అంకెలు, అంటే రాగి 45, జింక్ 95, సీసం 20, కాడ్మియం 0.3 పీపీఎం (కిలోకి మిల్లీగ్రాములు), వీటితో పోల్చి సూచికలు లెక్కేస్తే ఎవరూ ముట్టని నల్లమట్టి కూడా రాగి విషయంలో కలుషితమైనట్టే కనిపిస్తుంది. సీసం, కాడ్మియం అలా కాదు, అవి బసాల్ట్‌లో తక్కువ, కాబట్టి అవి పెరిగితే మనిషి పనే అని గట్టిగా అనుమానించవచ్చు.

సరైన పోలిక ఏమిటంటే అదే చోట లోతు నుంచి తీసిన పాత పొర. చెరువులు రాకముందు, పట్టణం పెరగకముందు దిగిన ఒండ్రు. పై 15 సెంటీమీటర్లకీ ఆ లోతు పొరకీ తేడా చూస్తే ఎంత మన కాలంలో చేరిందో తెలుస్తుంది. బంకమట్టి పాలు కూడా చూడాలి, ఇసుక మట్టి పక్కన బంకమట్టి ఎప్పుడూ ఎక్కువ లోహమే చూపిస్తుంది.

కొల్లేటి_గట్టు

ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ఆయన అడిగింది ఇది: చెరువుగానే ఉంచేస్తే లోహాలు అడుగునే కూర్చుంటాయి కదా, అలాంటప్పుడు తీయడమెందుకు అని. ఇంకో ప్రశ్న, పూర్తిగా వదిలేసి గడ్డి పెరగనిస్తే ఏమవుతుంది?

ఏలూరు_రాజ్యం

మీ నాన్నగారి ప్రశ్న చాలా లోతైనది. చెరువుగా ఉంచితే లోహం కూర్చుంటుంది, కానీ చెరువు ఎప్పుడూ నిండుగా ఉండదు కదా. పంట పంటకీ ఎండగట్టి, బీటలు వారనిచ్చి, పైమట్టి గీకి, మళ్ళీ నింపుతారు. ఒకసారి ఆరి ఒకసారి తడిసే ఆ ఊగిసలాటలో లోహం కొంచెం కొంచెంగా కదులుతూనే ఉంటుంది, నీళ్ళు దించినప్పుడు డ్రెయిన్లోకి కూడా పోతుంది.

స్పెయిన్‌లో ఒక ఉదాహరణ ఉంది. దోన్యానా చిత్తడి నేలలకి ఎగువన అజ్నల్‌కోయర్ గని బురద కట్ట 1998 ఏప్రిల్‌లో తెగి గ్వాదియామార్ నది వెంట వేల ఎకరాల పొలాలు విషపు బురదతో నిండాయి. బురద గీకి తీశారు, అయినా మట్టిలో మిగిలింది. అప్పుడు అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం రైతుల దగ్గర భూమి కొనేసి, తిండి పంటలు మానిపించి, చెట్లూ గడ్డీ పెంచి పచ్చని నడవగా మార్చింది. నేల వాడకం మార్చి నష్టాన్ని అదుపు చేయడమంటే అది. మన దగ్గర రైతుకి ఆ పరిహారం ఎవరిస్తారు? రెండెకరాలున్న మనిషిని గడ్డి పెంచుకో అని చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ అభయారణ్యం లోపలున్న భూముల విషయంలో ప్రభుత్వం ఇలా ఆలోచించవచ్చు, ఆలోచించాలి. 2008లో హద్దుని ఐదో కాంటూరు నుంచి మూడుకి తగ్గించమని అసెంబ్లీ తీర్మానం చేసింది. మూడో కాంటూరు దగ్గర 135 చదరపు కిలోమీటర్లే మిగులుతాయి. డ్రెయిన్ నీళ్ళు వచ్చి నెమ్మదించి ఒండ్రు దించే అంచులన్నీ ఆ మూడుకీ ఐదుకీ మధ్యే ఉన్నాయి. పక్షుల కోసమే కాదు, మన మట్టి కోసం కూడా ఆ అంచులు కావాలి.

నక్కవాగు_నుంచి

చట్టం సంగతి కూడా చూడండి మేడమ్. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో వరి పొలాలు, సాగునీటి కోసం కట్టిన చెరువులు, చేపల పెంపకానికి కట్టిన నిర్మాణాలు చిత్తడి నేలల లెక్కలోకి రావని రాశారు. కొల్లేరుకి అభయారణ్యం కాబట్టి వేరే రక్షణ ఉంది. మా కుంటలకి ఏముంది?

ఏలూరు_రాజ్యం

అవును, అది పెద్ద లోటు. తెలుగు నేలలో చిత్తడి నేలంటే సగం ఊరి చెరువులే కదా.

మట్టిమనిషి

కొల్లేటి గట్టు గారూ, మీ నాన్నగారితో ఇలా చెప్పండి. వరి వేయడం, చెరువుగానే ఉంచడం, గడ్డికి వదిలేయడం, ఈ మూడు దారుల్లో ఏదైనా ఎంచుకోవచ్చు, కానీ పరీక్ష ముందు, పొక్లెయిన్ తర్వాత.

మట్టి నమూనాలు నీళ్ళు దించగానే తీయాలి. ఇనుప పార, గాల్వనైజ్డ్ బకెట్ వద్దు, వాటి జింక్, ఇనుము నమూనాలో కలుస్తాయి. ప్లాస్టిక్ తాపీ, కొత్త పాలిథిన్ సంచీ చాలు. నీళ్ళు లోపలికి వచ్చే తూము దగ్గర, నడిమధ్యన, దిగువ మూల, గట్టు మీద పోసిన పాత మట్టి, ఈ నాలుగూ విడివిడిగా ఉండాలి, కలిపేయకండి. ఒక్కోచోట కొన్ని చోట్ల నుంచి తీసి కలపవచ్చు కానీ తూము మట్టినీ మధ్య మట్టినీ కలిపితే ఏమీ తెలియదు. పై 15 సెంటీమీటర్లు ఒక సంచీ, కింది 15 ఇంకో సంచీ. వీలైతే ఒకచోట మాత్రం మీటరు లోతు నుంచి కొంచెం, పోలికకి. ఆ గుంట మళ్ళీ పూడ్చేయండి.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇవ్వండి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, రాగి, జింక్ మొత్తం ఎంత అని అడగండి, డీటీపీఏ అనే రసాయన ద్రావణంతో మట్టి నుంచి వచ్చేది ఎంత అని కూడా అడగండి. మన సున్నపు నేలలకి డీటీపీఏ సరిపోతుంది, మొక్కకి అందే భాగం దానితో అందాజాగా తెలుస్తుంది, ఆర్సెనిక్‌కి మాత్రం అది పనికిరాదు. పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం తప్పకుండా. డబ్బు సరిపోకపోతే తూము దగ్గరి మట్టి, గట్టు మట్టి ఈ రెండూ ముందు చేయించండి, చెడు ఉంటే అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

కాడ్మియం కొంచెం ఎక్కువొచ్చినా కంగారు పడక్కర్లేదు. పీహెచ్ తగ్గితే సున్నం, జింక్ లోటుంటే జింక్ వేయడం, వెన్ను దశలో నీరు నిలబెట్టడం, ఇవి గింజలోకి పోయేదాన్ని తగ్గిస్తాయి. మొదటి పంట బియ్యం ఇంటికి వాడే ముందు ఒక నమూనా పరీక్షకి ఇవ్వండి. మట్టి అంకెల కన్నా గింజ అంకెనే నేను ఎక్కువ నమ్ముతాను.

కొల్లేటి_గట్టు

నాన్న ఒప్పుకున్నారు. గట్లు కొట్టే మనిషికి ఆగమని ఫోన్ చేశారు. కూరగాయల ఆయనకి మట్టి ఇప్పుడే ఇవ్వలేమని చెప్పేశారు, ఆయన కొంచెం నొచ్చుకున్నాడు, కారణం చెబితే తన మడిలో పాత మట్టి కూడా చూపించమంటున్నాడు. లీజుదారు వచ్చే వారం నీళ్ళు దించుతాడు, నేను సెలవు పెట్టి వెళ్తున్నాను. ఫలితాలు వచ్చాక ఇక్కడే పెడతాను, అంకెలతో సహా.

ఆకివీడు_ఆక్వా

మీరు వెళ్ళే ముందు నాకో మెసేజ్ పెట్టండి. మా చెరువూ అదే డ్రెయిన్ మీద, మీకు దిగువన ఉంది. మా తూము దగ్గరి మట్టి, ఒక శీలావతి, ఒక ఎర్రమోసు నేను ఇస్తాను, ల్యాబ్ ఖర్చు మా వాటా మేం పెట్టుకుంటాం. ఒకే డ్రెయిన్ మీద పైనా కిందా రెండు చెరువుల లెక్కలుంటే ఎక్కడ దిగుతోందో తెలుస్తుంది కదా. సంఘంలో ఇంకో ఇద్దరిని కూడా అడుగుతున్నాను.

మట్టిమనిషి

చాలా మంచి పని. అలాగైతే డ్రెయిన్ అడుగు మట్టి కూడా రెండు చెరువుల మధ్య ఒకచోట తీయండి. చేపని నీళ్ళతో కడిగి, కోయకుండా, ఐస్‌లో పెట్టి పంపండి, కండా లివరూ విడివిడిగా చేయమని ల్యాబ్‌కి చెప్పండి. సంచీల మీద తారీఖు, చోటు, లోతు రాయడం మర్చిపోకండి, పెన్ను చెరిగిపోతుంది, పెన్సిల్‌తో చీటీ రాసి బయటి సంచీలో వేయండి.